ఎనిమిది మగ్గాలు, ఏడు నిమిషాలు

కాల్డర్‌షా, లాంకషైర్,
1930 జూన్ 19, గురువారం.

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

మీ అల్లుడు లారెన్స్ నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ కులాసా. సముద్రపు గాలికి మీరూ, మీ చిన్నమ్మాయి ఐవీ, పిల్లలూ కులాసా అని మీ ఉత్తరం వల్ల తెలిసింది. మీ దగ్గు తగ్గిందని మీరు రాశారు. తగ్గలేదని అదే కాగితం అడుగున ఐవీ చిన్న అక్షరాలతో రాసింది. నేను ఐవీ మాటే నమ్ముతున్నాను.

మీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఆలస్యానికి క్షమించండి. పని ఎక్కువై ఆలస్యం కాలేదు. మీరడిగిన నాలుగు ప్రశ్నల్లో నాలుగోదానికి ఆనాటికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. దాన్ని చివర్న రాస్తాను. ముందు మిగతా మూడూ.

తిండి. ఇంటావిడ వారానికి నాలుగు రోజులు మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు వేసి ఉడికించిన కుండ పెడుతుంది. మిగతా మూడు రోజులు అదే కుండ, మాంసం లేకుండా. తింటున్నాను. చిక్కిపోయావా అని అడిగారు. తెలియదు. ఊళ్లోవాళ్లందర్నీ కొలిచే నేను నన్ను తూచుకోలేదు.

సెలీనా చెక్కబూట్లు. ఐవీ కాళ్లకు సరిపోతాయని రాశారు. అవి మాంచెస్టర్ ఇంట్లో తలుపు పక్కనే ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వలేను. ఐవీని ఏమీ అనుకోవద్దనండి.

సెలీనా సమాధి రాయి. 'లారెన్స్ మేథర్, ఎం.ఏ. గారి భార్య' అని ఉంది గాని 'నేతగత్తె' అని ఎందుకు లేదని అడిగారు. నేను చెక్కించలేదు కాబట్టి లేదు. రాయి మీద చోటు చాలలేదని అప్పుడు మీకు చెప్పాను. నా ఎం.ఏ.కి చోటు దొరికింది. మొన్న శనివారం వెళ్లి రాయి చెక్కేవాణ్ణి కలిశాను. నా డిగ్రీ గీకేసి ఆ చోట్లో మీరన్న మాట చెక్కుతానన్నాడు. గీకిన చోట కాస్త గుంట పడుతుందట. పడనివ్వమన్నాను.

ఇక నా పని సంగతి. ఇది మీరు అడగలేదు. కానీ ఇది చెప్పకుండా నాలుగో ప్రశ్నకు జవాబు రాయలేను.

నా ఉద్యోగం మీద మీకు మొదటి రోజు నుంచీ అనుమానమే. పెళ్లి మాటలకు మీ ఇంటికి వచ్చినప్పుడు, 'మనుషులు అలసిపోతారని కనిపెట్టడానికి ఇంత పొడుగు మనిషి కావాలా?' అని మీరు సెలీనాతో అన్నారట. నా ఎదుటే అన్నారట. పెదవులు కదిలాయి గాని గొంతు లేదు కాబట్టి నాకు తెలియలేదు. ఆరేడేళ్ల తర్వాత తను చెప్పి నవ్వింది.

సెలీనా నన్ను ఎలా చూసిందో, నేను ఆమెను ఎలా చూశానో మీకు తెలుసు. మేం కలిసింది యుద్ధంలో, ఫిరంగి గుండ్లకు మూతలు చేసే ఫ్యాక్టరీలో. మగ్గాలు వదిలి తను అక్కడ చేరింది. పుస్తకం, గడియారం పట్టుకుని నేను చేరాను. పన్నెండు గంటల పనిని పదికి తగ్గిస్తే మూతల సంఖ్య పడిపోతుందని పైవాళ్ల భయం. తగ్గించి చూశాం. పడిపోలేదు, పెరిగింది. ఆ లెక్కని మహా రహస్యంలా తీసుకెళ్లి ఆమెకు చూపించాను. చదివి, చేతుల నూనె తుడుచుకుని, "ఇది తెలుసుకోవడానికి కాలేజీకెళ్లాలా? మా అమ్మనడిగితే పొయ్యి ముందు కూర్చునే చెప్పేది కదా" అంది. నేను ఆమెను పెళ్లి చేసుకుంటానని ఆ నిమిషంలోనే అనుకున్నాను.

అప్పట్లో మేమంతా నమ్మాం. అలసటను లెక్కగట్టి పట్టికలో పెడితే చాలు, యజమానులు చూస్తారు, సరిచేస్తారు అని. కొన్నిచోట్ల చేశారు కూడా. నిలబడి పనిచేసే ఆడవాళ్లకు కుర్చీలు వచ్చాయి. చీకటి గదుల్లో దీపాలు పెట్టారు. పొద్దున పది నిమిషాలు టీకి వదిలారు. అది అబద్ధం కాదు. అయితే పదమూడేళ్లు ఈ పనిలో ఉన్నాక నాకు అర్థమైంది ఒకటే. కొలబద్ద నాది. దాన్ని చేతిలోకి తీసుకునేది వేరేవాళ్లు.

అమెరికాలో ఒక టెలిఫోన్ ఫ్యాక్టరీలో దీపాలు పెంచితే పని పెరిగిందట. తగ్గించినా పెరిగిందట. ఆ అమ్మాయిలను అంతకు ముందు ఎవరూ పట్టించుకోలేదనీ, ఇప్పుడెవరో వచ్చి ఎలా ఉన్నారని అడుగుతున్నారు కాబట్టే చేతులు చురుగ్గా కదిలాయనీ ఒకాయన మా ఆఫీసులో టీ తాగుతూ చెప్పాడు. అందరం నవ్వాం. దాన్ని ఏ పట్టికలో రాస్తాం అన్నాను నేను. ఆ సాయంత్రం సెలీనాకు చెప్పాను. తను నవ్వలేదు.

ఈ ఊరికి ఏప్రిల్‌లో వచ్చాను. ఆమె పోయి అప్పటికి రెండు నెలలు. ఇంట్లో ఉండలేక నేనే అడిగి వేయించుకున్నాను. నేత షెడ్డులో వేడి, తేమ మనిషిని ఎంత అలసటకు గురిచేస్తాయో చూడమని మా పరిశోధన సంఘం పంపింది. షెడ్డు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పడుగు దారాలు తెగకుండా ఆవిరి వదులుతారు. దారానికి మంచిది. మధ్యాహ్నానికి ఆడవాళ్ల రవికెలు వీపులకు అతుక్కుపోతాయి. ఎనిమిది వందల మగ్గాల మోత. మొదటి రోజు బయటికొచ్చాక కూడా నా పళ్లు అదురుతూనే ఉన్నాయి. మీరు నలభై రెండేళ్లు ఆ మోతలో ఉన్నారు. మీ చెవులు ఏమైపోయాయో నాకు పుస్తకాల్లో తెలుసు. ఆ రోజే నిజంగా తెలిసింది.

నన్ను నిలబెట్టిన వరసలో బెర్తా షారక్ అనే ఆవిడ ఉంది. యాభై దాటాయి. మనిషి సన్నం, నోరు పెద్దది. నాకు 'గడియారం సారు' అని పేరు పెట్టింది ఆవిడే. నేను తేమ కొలిచే గాజు గొట్టాలు మేకుకు తగిలిస్తుంటే భోజనాల వేళ వచ్చి, "ఏం సారూ, మేం చెమటోడుస్తున్నామా లేదా అని ఈ గాజు గొట్టాన్నడుగుతారా? నన్నడిగితే ఊరికే చెప్తాగా" అంది. ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. మేకు కొట్టుకుంటూ ఉండిపోయాను.

పక్క మగ్గాల మీద ఎలెన్ అనే అమ్మాయి. కడుపుతో ఉంది. ఉన్నట్టుండి కడుపులో తిప్పేది. ఆ మోతలో గొంతు వినిపించదు కాబట్టి, బెర్తా వైపు తిరిగి పెదవులతో ఏదో అనేది. బెర్తా తలూపేది. ఎలెన్ బయటికెళ్లి మొహం కడుక్కుని వచ్చేది. ఆ కాసేపూ బెర్తా తన నాలుగు మగ్గాలు, ఎలెన్ నాలుగు మగ్గాలు చూసేది. వరసంతా ఇలాగే ఒకరికొకరు చేసుకునేవాళ్లు. వాళ్లు ఏమనుకుంటున్నారో నాకు అక్కర్లేకపోయింది. ఎంతసేపో కావాలి. పదిహేను రోజుల్లో పద్దెనిమిదిసార్లు చూశాను. సగటున ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో బట్టలో తప్పులు పెరగలేదు.

మధ్యంతర నివేదిక పదకొండో పేజీలో ఒక వాక్యం రాశాను. 'కొద్దిసేపు ఒక నేతగత్తె ఎనిమిది మగ్గాలను నష్టం లేకుండా నడపగలుగుతున్నది.' నా ఉద్దేశం మంచిదే. పూటకు ఏడు నిమిషాల విరామం ఇచ్చినా మిల్లుకు నష్టం లేదని చెప్పడానికి అది నా ఆధారం. ఆ మాట పన్నెండో పేజీలో ఉంది.

మేనేజరు హార్‌గ్రీవ్స్ పదకొండో పేజీతో ఆగాడు.

జూన్ రెండో తేదీ సోమవారం పొద్దున షెడ్డు తలుపు మీద నోటీసు అంటించారు. జూన్ ముప్పై నుంచి మనిషికి ఎనిమిది మగ్గాలు. వరసలో సగంమంది అక్కర్లేదు. కింద నా వాక్యం అచ్చువేయించారు, నా పేరుతో సహా. మగ్గం నెమ్మదిగా నడిపిస్తామనీ, శాస్త్రం ఒప్పుకుందనీ ఇంకో రెండు ముక్కలు.

లోపలికెళ్లేసరికి వరసలో ఒక్కరూ నా వైపు చూడలేదు. భోజనాల వేళ బెర్తా టీ డబ్బా మూత తీస్తూ, నా వైపు చూడకుండానే అంది. "మేం తలూపడం మీకు కనిపించింది. సరే. ఎందుకూపామో కనిపించలేదా?"

పన్నెండో పేజీ గురించి మొదలుపెట్టాను. ఆవిడ డబ్బా తీసుకుని లేచి వెళ్లిపోయింది.

హార్‌గ్రీవ్స్ దగ్గరికి వెళ్లాను. మర్యాద గల మనిషి. కుర్చీ చూపించాడు. ఆ వాక్యం తీసేయమన్నాను.

"మిస్టర్ మేథర్, అది నేను రాశానా?"

"విరామం ఇవ్వవచ్చని చెప్పడానికి రాశాను."

"ఇస్తున్నాంగా," అన్నాడు. "సగంమందికి పూర్తి విరామం."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే కొట్టేవాణ్ణేమో. ఏడు నిమిషాలు చేయగలిగింది రోజంతా చేయలేరన్నాను. పరుగెత్తి రైలు అందుకున్నవాడు లండన్ దాకా పరుగెత్తగలడా అని అడిగాను. దానికి పట్టిక ఏదైనా ఉందా అన్నాడు. లేదు. అప్పటికి లేదు. తయారుచేయాలంటే వాళ్లని ఎనిమిది మగ్గాల మీద నిలబెట్టి, పడిపోయేదాకా కొలవాలి. అదే చెప్పాను. 'ముప్పయ్యో తేదీ నుంచి వచ్చి కొలుచుకోండి, తలుపు తీసే ఉంటుంది' అన్నాడు.

సంఘానికి రాశాను. నాలుగు రోజులకు కార్యదర్శి జవాబు వచ్చింది. గమనించిన వాస్తవాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదట. దాన్ని ఎవరు ఎలా వాడుకుంటారన్నది మా పరిధిలోకి రాదట. భార్యావియోగంలో ఉన్నాను కాబట్టి కొన్నాళ్లు సెలవు తీసుకోమని సలహా. కాగితం చింపలేదు. మడిచి పెట్టె అడుగున పెట్టాను. ఒక మాట చెప్పనా అత్తయ్యగారూ, నాకు కోపం రావలసింది వాళ్ల మీద. నేను మాత్రం గడియారాన్ని చూసినప్పుడల్లా దాన్నే నేలకేసి కొట్టాలనుకున్నాను.

మీ ఉత్తరం ఏడో తేదీన వచ్చింది. నాలుగో ప్రశ్న మూడోసారి అడిగారు. ఈసారి ఇంకాస్త గట్టిగా. 'అది చివర్లో ఏమీ అనలేదని నువ్వు రాశావు. గొంతు పోతే మాట పోతుందా బాబూ? మేం నేతవాళ్లం. అది ఏదో అనే ఉంటుంది. నువ్వు చెప్పడం లేదు' అని రాశారు. ఆ ఉత్తరాన్ని మూడు రోజులు కోటు జేబులో పెట్టుకు తిరిగాను.

పదో తేదీ మంగళవారం. పొద్దున పదిన్నర అయి ఉంటుంది. నోటీసు వచ్చాక మగ్గం వదిలి వెళ్లకూడదని కట్టడి కూడా పెట్టారు. ఎలెన్ మొహం పాలిపోయింది. బెర్తా వైపు తిరిగింది. పెదవులు ఒకసారి మూసుకుని విచ్చుకున్నాయి. తర్వాత సున్నాలా గుండ్రంగా ముందుకొచ్చాయి. కనుబొమలు పైకి లేపి, ఆగింది. బెర్తా వంగి తెగిన పోగు ముడేస్తోంది. చూడలేదు. ఎలెన్ మళ్లీ అంది. ఆగింది. మళ్లీ అంది. అప్పుడు రెండడుగులు వేసి వచ్చి, అరచెయ్యి బెర్తా చెంప మీద పెట్టి, మొహాన్ని తన వైపు తిప్పుకుంది. ఇంకోసారి అంది. బెర్తా తలూపింది. ఎలెన్ వెళ్లిపోయింది.

నా చేతిలోంచి గడియారం జారి కింద పడింది. ఆ మోతలో చప్పుడు వినిపించలేదు. అద్దం పగిలిందని తర్వాత చూశాను.

ఇక నాలుగో ప్రశ్న.

సెలీనా ఏమీ అనలేదని నేను రాసింది అబద్ధం. నిద్రలో పోయిందన్నది కూడా.

గొంతుకు పాకిన క్షయ కదా, అప్పటికి మూడు వారాలుగా గొంతు లేదు. మొదట్లో పలక మీద రాసేది. ఆ రోజుకి చేతిలో బలం లేదు. మీకు ఛాతీ జబ్బుగా ఉండి రాలేకపోయారు. ఐవీ మీ దగ్గర. నేనొక్కణ్ణే. మధ్యాహ్నం మూడు గంటలకు కళ్లు తెరిచింది. పెదవులు కదిపింది. కదిపి, నా వైపు చూస్తూ ఆగింది. నాకు అర్థం కాలేదు. మంచినీళ్లా అన్నాను. మళ్లీ కదిపింది. కిటికీ తెరిచాను. దిండు సర్దాను. అది కాదని కళ్లతో చెప్పి మళ్లీ కదిపింది. అప్పుడు నేను, చదువుకున్నవాణ్ణి కదా, వంగి నా చెవి ఆమె నోటికి ఆనించాను. గొంతు లేదని తెలుసు. అయినా చెవి పెట్టాను. మా జాతి మనుషులం మాటకు చెవే పెడతాం.

ఆమె చెయ్యి ఎత్తింది. పలక పట్టుకోలేని చెయ్యి. నా చెంప మీద పెట్టి, నా మొహాన్ని తోసింది.

అలాగే నాకు అర్థమైంది. తోసేసిందని. ఆమెకు నా మొహం అక్కర్లేదని. మీకు రాయనిది ఇది. ఎవరికీ చెప్పనిది. నాలుగు నెలలు దీన్ని మోశాను. ఏ తప్పుకి తోసిందా అని వెతుక్కున్నాను. దొరికాయి కూడా. మాంచెస్టర్‌లో విందులో ఒకసారి, బల్లకు అటువైపు కూర్చున్న పాత మిల్లు స్నేహితురాలితో ఆమె పెదవులతో మాట్లాడుతుంటే, నలుగురిలో అలా నోరు తిప్పకని చెప్పాను. మానేసింది. మీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం మీరిద్దరూ పొయ్యికి చెరోవైపు కూర్చుని సాయంత్రమంతా అలాగే మాట్లాడుకునేవారు. నేను పేపరు చదువుకుంటూ ఇల్లెంత నిశ్శబ్దంగా ఉందో అనుకునేవాణ్ణి. నేర్చుకోవాలని నాకెప్పుడూ తోచలేదు. ఆమెకు గొంతు ఉంది కదా అనుకున్నాను.

తోసిన తర్వాత నేను వెనక్కి జరిగి కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణించి చూస్తే ఇంకో రెండుసార్లు పెదవులు కదిలాయి. ఒకసారి మూసుకుని విచ్చుకున్నాయి. తర్వాత సున్నాలా గుండ్రంగా ముందుకొచ్చాయి. కనుబొమలు లేచి, ఆగాయి. నాలుగూ పదికి ఆ ఎదురుచూపు కూడా ఆగిపోయింది.

మంగళవారం భోజనాల వేళ బెర్తా దగ్గరికి వెళ్లాను. ఎలెన్ పొద్దున ఏమందని అడిగాను.

"దేనికి? రాసుకోవడానికా?"

కాదన్నాను. సెలీనా పేరు చెప్పాను. ఫలానా ఊళ్లో ఫలానా మిల్లులో పనిచేసిన నేతగత్తె, నా భార్య అని చెప్పాను. ఆ మధ్యాహ్నం సంగతి పైన మీకు రాసినట్టే చెప్పాను. నిలబడే చెప్పాను. ఆవిడ టీ చల్లారిపోయింది. చివర్న నా పెదవులతో ఆ ఆకారం చేసి చూపించాను. మూసి, విప్పి, గుండ్రంగా ముందుకు. కనుబొమలు పైకి.

బెర్తా చాలాసేపు నా నోటి వంకే చూసింది.

"'నా మగ్గాలు చూస్తుండు' అంది సారూ. అంతే. బయటికెళ్లేప్పుడు అదేగా అనేది."

"చెయ్యి పెట్టి మొహం తోసింది."

"తోయలేదు. తిప్పుకుంది. చెవి పెట్టారన్నారుగా? చెవికి ఏం కనిపిస్తుంది?"

నేనడిగాను. "పక్కావిడ తలూపకపోతే ఏం చేస్తారు?"

"తలూపిందాకా వెళ్లం," అంది. "మగ్గాలు వదిలేసి ఎలా వెళ్తాం? అది ఎవరూ చెయ్యరు." అని, నా మొహం చూసి, ఇంకో కప్పులో టీ పోసి నా వైపు తోసింది.

అత్తయ్యగారూ, మీ కూతురు చివర్లో అన్న మాట అది. మీరడిగినందుకు చెబుతున్నాను. నేను అర్థం చేసుకోకపోవడం వల్ల మూడు నుంచి నాలుగూ పది దాకా ఆమె కాచుకుని ఉంది. నేను తలూపలేదు. నీళ్లు కావాలా అన్నాను. చివరికి ఎవరూ తలూపకుండానే వెళ్లవలసి వచ్చింది. జీవితంలో ఆమె ఒక్కసారి కూడా అలా వెళ్లి ఉండదని ఇప్పుడు నాకు తెలుసు. దీనికి మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. మీకు తెలియాలని రాస్తున్నాను. ఫిబ్రవరిలో మీరు ఆ గదిలో ఉంటే ఒక్క క్షణంలో చదివేవారు. ఉండనివ్వలేదు జబ్బు. నేను ఉన్నాను. ఉండి ఏం లాభం.

ఆ సాయంత్రం నివేదిక తీసి పదకొండో పేజీకి ఒక అనుబంధం రాశాను. పట్టిక లేదు. ఈ పద్దెనిమిదిసార్లూ ఒక నేతగత్తె ఎనిమిది మగ్గాలు చూసింది అవి తన సొంతం కాదు కాబట్టి, పక్కావిడ తిరిగొస్తుందని తెలుసు కాబట్టి, రేపు తన వంతు వస్తే పక్కావిడ తలూపుతుందని తెలుసు కాబట్టి. ఎనిమిదీ ఆమెకే ఇచ్చి పక్కావిడను పంపేస్తే, ఆ వరసలో తలూపడానికి ఎవరూ మిగలరు. నేను కొలిచింది ఒకరి శక్తిని అనుకున్నాను. ఇద్దరి మధ్య ఉన్నదాన్ని కొలిచి, ఒకరి పేరున రాశాను. ఇది నా తప్పు. కింద సంతకం చేశాను.

ఒక ప్రతి సంఘానికి పంపాను. అచ్చువేయరు. ఇంకో ప్రతి నేతవాళ్ల యూనియనుకు ఇవ్వమని బెర్తా చేతిలో పెట్టాను. సంఘం కాగితం బయటివాళ్లకు ఇవ్వకూడదు. ఇచ్చాను. ఉద్యోగం ఉంటుందో లేదో ఈ నెలాఖరుకు తెలుస్తుంది. ఎల్లుండి శనివారం యూనియను సమావేశంలో బెర్తా దాన్ని చదువుతుందట. "మీ కాలేజీ భాషలో కాదు, నా భాషలో చదువుతా" అంది. నోటీసు మాత్రం తలుపు మీద ఇంకా అలాగే ఉంది. హార్‌గ్రీవ్స్ ఎదురుపడితే టోపీ తీసి పలకరిస్తున్నాడు. ముప్పయ్యో తేదీ ఇంకా పదకొండు రోజులుంది. ఏమవుతుందో తెలియదు. మనుషులను ఆదుకోవడానికి పుట్టిన నా శాస్త్రం ఈ ఊళ్లో సగంమందిని ఇంటికి పంపబోతోంది. నా చేతిలో ఉన్నది ఒక కాగితం.

ఇంకో పని కూడా చేస్తున్నాను. ఈ పది రోజులుగా భోజనాల వేళ బెర్తా, ఎలెన్ నాకు పెదవుల మాట నేర్పుతున్నారు. నేను మందబుద్ధి విద్యార్థిని. మొన్న ఎలెన్ 'వాన పడేలా ఉంది' అంటే, మేనేజరు మేకలా ఉన్నాడు అందని నాకనిపించింది. వరసంతా కడుపు పట్టుకుని నవ్వారు. అదే బాగుంది, అలాగే ఉంచండి అంది బెర్తా. రెండో తేదీ తర్వాత వాళ్లు నా ఎదుట నవ్వడం అదే మొదలు.

మీ ఉత్తరం చివర్న ఒక మాట రాశారు. అది ప్రశ్న కాదు కాబట్టి లెక్కలో వేయలేదు. వేక్స్ వారంలో మిల్లులన్నీ మూసినప్పుడు ఎప్పట్లా మోర్‌కామ్‌లో మీ ఇంటికి రావక్కర్లేదనీ, సెలీనా లేదు కాబట్టి నాకిక మీతో బంధం అక్కర్లేదనీ, నా దారి నేను చూసుకోవచ్చనీ రాశారు. నన్ను బాధపెట్టకూడదనే అలా రాశారని తెలుసు. పదమూడేళ్లలో మనిద్దరం ఒక్కసారి కూడా సూటిగా మాట్లాడుకోలేదు. నేనన్నది ఆమె మీకు పెదవులతో చెప్పేది. మీరన్నది నాకు గొంతుతో చెప్పేది. మధ్యలో మనిషి పోతే మనకి కాగితమే మిగిలిందని మీరనుకుని ఉంటారు.

ఏ మగ్గాలో ఆమె నాకు చెప్పలేదు. పెళ్లయ్యాక ఆమెకు మగ్గం లేదు. ఆలోచించాను. ఒకటి మీరు. ఇంకోటి నేనే కావచ్చు, నన్ను నాకే అప్పజెప్పి ఉండవచ్చు. మిగతా రెండూ ఏవో మీకు తెలిసి ఉంటుంది.

జూలైలో వేక్స్ వారం మొదలయ్యే శనివారం పగటి రైలుకి వస్తున్నాను. వద్దని రాయకండి. ఐవీ మీకు కిటికీకి ఎదురుగా కుర్చీ వేయాలి, వెలుతురు మీ మొహం మీద పడేలా. కాస్త నెమ్మదిగా మాట్లాడండి. గొంతు అక్కర్లేదు. నేను వానని మేక అనుకుంటే, నా చెంప మీద చెయ్యి పెట్టి మొహం మీ వైపు తిప్పుకోండి. మళ్లీ చెప్పండి.

అర్థం కాగానే తలూపుతాను.

ఇట్లు,
మీ పెద్దల్లుడు,
లారెన్స్